ఆరు ఈగలు

1937 ఏప్రిల్ 9, శుక్రవారం

మొత్తానికి నా బల్ల మీదికి కూడా కోర్టు నడిచి వచ్చింది. లక్క ముద్ర వేసిన సీసా ఒకటి, దానితో హాకిం గారి, అదే మేజిస్ట్రేటు గారి, ఉత్తరం ఒకటి. ఇలాంటివి ఇదివరకు మద్రాసు వెళ్లేవి. ఏడాది క్రితం మనం ఒరిస్సాలో పడ్డాక మద్రాసు మనది కాకుండా పోయింది. కటకంలో ఎవరికి పంపాలో ఇంకా తేలలేదట. అందుకని బరంపురంలో మా కాలేజీకి పంపారు. ప్రొఫెసర్ గారు ఉత్తరం చదివి, "నీలకంఠం, ఇది నువ్వు చెయ్యి. బాగా చేస్తే నీ బెంగుళూరు పరిశోధన దరఖాస్తు మీద హాకిం గారి చేత కూడా ఒక మాట రాయిస్తాను" అన్నారు. ఆరేళ్లుగా డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగంలో పరీక్షనాళికలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి?

సంగతి చిన్నదే. హుమ్మ అనే ఊళ్లో పైడన్న అని తాళ్లు గీసేవాడు ఉన్నాడు. బెల్లం కాచుకోవడానికి తియ్యరసం దించే అనుమతి ఉంది, కల్లు దించే అనుమతి లేదు. రసం పులవకూడదంటే కుండ లోపల సున్నం పూయాలి. పూయకపోతే మధ్యాహ్నానికి అదే కల్లు. అబ్కారీ ఇన్‌స్పెక్టరు చెట్టు మీది కుండ దింపించి, సీసా నింపి ముద్ర వేశాడు. సున్నం లేదని ఆయన అంటాడు, ఉందని పైడన్న అంటాడు. నాకు రెండే ప్రశ్నలు. సున్నం ఉందా? ఆల్కహాలు ఉందా?

ముద్ర తీశాను. తియ్యటి వాసన. అడుగున ఏదో తెల్లగా పేరుకుని ఉంది. తీరిగ్గా మంగళవారం చూడొచ్చు.

అసలు విషయం రాస్తాను. తాజా తాటిరసం కోసం నేను నెల రోజులుగా మొహం వాచి ఉన్నాను. అరటిపళ్ల మీద మూగే చిన్న ఈగల్ని జాడీల్లో పెంచుతున్నాను కదా, ఆ ఈగల ఒంటి మీద, కడుపులో ఈస్టు ఉంటుందనీ, పండును పులిపించేది అదేననీ, ఆ పులుపు వాసనకే మళ్లీ ఈగలు వస్తాయనీ నా వాదన. రుజువు చెయ్యడానికి స్వచ్ఛమైన రసం కావాలి. అటెండరు కొండలు బజారు నుంచి తెచ్చేది ఎప్పుడూ పులిసిపోయే ఉంటుంది. ఇక్కడ సీసా నిండా ఉంది. సగం కంటే కొంచెం ఎక్కువ తీసుకున్నాను. సున్నం ఉంటే ఈస్టు పెరగదు కనుక కార్బోనిక్ ఆమ్ల వాయువు పంపి, అడుగుకు దిగినదంతా వడకట్టి తీసేసి, మరిగించి చల్లార్చి, చిన్న సీసాలో పోసి ఆరు ఈగల్ని వదిలాను. దూది బిరడా పెట్టాను. మరిగించిన రసం గనక పులిస్తే, ఆ ఈస్టును తెచ్చింది ఈగలే. ఇంకెవరూ కాదు. ఇంత చక్కటి ప్రయోగం బెంగుళూరులో మాత్రం ఎవరు చేశారు?

కోర్టు వారికి కావలసింది మిగిలిన సగంలో ఉంటుంది. నాలుగు చుక్కలు చాలు.

ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, డప్పులు అప్పుడే మొదలయ్యాయి. మంగళవారం దాకా కాలేజీ లేదు.

ఏప్రిల్ 11

పులివేషాలు చూశాను. మనసంతా చిన్న సీసా మీదే ఉంది.

ఏప్రిల్ 13, మంగళవారం

పొద్దున్న వెళ్లేసరికి కోర్టు సీసా బోర్లించి ఉంది. తళతళలాడుతోంది.

ఇది కొండలు పని. నా కంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు. ఆయన్ని పట్టుకుని ఏమిటిదని అరిచాను.

"ఏటుంది బాబూ? బిరడా నేకండా వొదిలీసినారు. ఈగలు మూగిపోనాయి. అడుగంతా సున్నం కట్టీసింది. ఇసకేసి తోమితే గానీ వొదల్నేదు" అన్నాడు గర్వంగా.

నేనే బిరడా పెట్టలేదు. తీసి పక్కన పెట్టి చిన్న సీసా మీద పడ్డాను.

చిన్న సీసా మాత్రం అద్భుతంగా ఉంది. నురగ, బుడగలు, దూది తియ్యగానే గుప్పున పండిన అరటిపండు వాసన. పదింటికి కోర్టు గుమాస్తా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "రిపోర్ట్ హేలా కి, బాబు?" అని, రిపోర్టు అయిందా అని, ఒడియాలో అడిగాడు. మధ్యాహ్నానికి వస్తే ఇస్తానన్నాను.

మధ్యాహ్నం

ప్రొఫెసర్ గారు వచ్చి, "కొత్త రాష్ట్రంలో మొదటిసారి మనల్ని అడిగారు. ఖాళీ చేతులతో పంపితే మళ్లీ అడగరు" అన్నారు. సీసా సంగతి చెబుదామని నోరు తెరిచాను. ఏమని చెప్పను? కోర్టు వారి సొత్తు సగం నా ఈగలకు పోశానని చెప్పాలా?

చిన్న సీసాలోంచి ఈగల్ని వడకట్టి తీశాను. ఆరూ ఉన్నాయి. రసం అదే కదా. అదే చెట్టు, అదే కుండ. ఎర్ర లిట్మస్ నీలం కాలేదు. అయోడోఫారం పసుపుగా దిగింది. సున్నం: లేదు. ఆల్కహాలు: ఉంది, నూటికి మూడు పాళ్లు. కాగితంలో "పరీక్షించిన తేదీ" అని ఒక గడి ఉంది. అందులో 9 అని వేశాను. అందిన రోజే పరీక్షించాలని ఉత్తరంలో ఉంది కనుక.

సంతకం బాగా వచ్చింది.

ఏప్రిల్ 14

ఒక్క సంగతి స్పష్టం చేసుకోవాలి. ఈ తాళ్లు గీసేవాళ్లు అందరూ సున్నం దగ్గర పీనాసితనం చేస్తారు. ఇన్‌స్పెక్టరు ఊరికే పట్టుకోడు.

మైక్రోస్కోపులో చిన్న సీసా మడ్డి చూశాను. నిమ్మకాయ ఆకారపు కణాలు, రెండు కొనలూ తేలి. ఈగ కడుపు చీల్చి చూస్తే అవే. బజారు కల్లులో ఉండేవి గుండ్రటివి. తేడా ఒక పిల్లవాడికైనా తెలుస్తుంది. అరటిపండు వాసన ఈ నిమ్మకాయ కణాలదే, ఎసిటిక్ ఎస్టరు. అంటే సీసాలో పులుపు నూటికి నూరుపాళ్లూ నా ఈగలదే. నా వాదన నెగ్గింది.

ఎగిరి గంతెయ్యాలి. వెయ్యలేదు.

ఏప్రిల్ 26, సోమవారం

పైడన్నకు రెండు నెలలు జైలు. తాళ్ల అనుమతి రద్దు. కాలేజీ నుంచి వచ్చిన శాస్త్రీయమైన రిపోర్టును కాదనే కారణం ఏదీ కనబడలేదని హాకిం గారు తీర్పులో రాశారట. ప్రొఫెసర్ గారు నా భుజం తట్టారు.

ఏప్రిల్ 27

రెండు నెలలేగా.

మే 5, బుధవారం

ఈ రోజు జరిగింది రాయకూడదనుకున్నాను. రాయకపోతే ఇంకేదో రాసి పెడతాను, నా సంగతి నాకు తెలుసు.

సెలవుల్లో కాలేజీ ఖాళీగా ఉంది. వరండాలో ఒకామె కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. ఎప్పటి నుంచి కూర్చుందో తెలియదు. కొండలు లోపలికి వచ్చి, "హుమ్మ నుండొచ్చింది బాబూ. ఆ పైడన్న పెళ్లాం. అప్పలనర్సమ్మ అంట" అన్నాడు. వెనక గుమ్మం నుంచి వెళ్లిపోదామని నిజంగానే లేచాను. కొండలు చూస్తున్నాడని ఆగాను.

ఆమె ఏడవలేదు. ఏడిస్తే నాకు తేలికయ్యేది. "బాబూ, సున్నం ఏసీది మావోడు కాదు, నాను" అంది. "ఆడు సెట్టెక్కుతాడు, దిగుతాడు. కుండల పని నాది. చిలికా సరస్సు గుల్లలు నానే ఏరతాను, నానే కాలుస్తాను, నానే పూస్తాను. పెళ్లైన కాడినుండీ ఇదే పని." రెండు చేతులూ చాపింది. వేళ్ల కొసలు సున్నం తిని పగిలి ఉన్నాయి. "కోర్టులో మీ కాగితం సదివినాక మావోడు బయిటికొచ్చి నలుగురి ముందరా అన్నాడు బాబూ. ‘సదువుకున్నోల్ల సీసా అబద్దం ఆడతాదేటి? నువ్వే మరిసిపోనావు. నీ మూలంగా నాను జేలుకెల్తన్నాను’ అని. మా అత్త గుమ్మం తొక్కనివ్వడం నేదు. పురుషోత్తంపూర్ల మా అమ్మకాడ ఉంటన్నాను."

నేను వెనక గుమ్మం వైపు చూశాను.

"ఆ సీసానే మల్లీ ఓపాలి అడగండి బాబూ. అదీ నాను మరిసిపోనానంటే మాట పడతాను. అడగండి."

సీసా ఇప్పుడు లేదన్నాను. అది నిజమే. పరీక్ష ఒకసారే చేస్తారన్నాను. అది అబద్ధం. తర్వాత నా నోటంట వచ్చిన మాట ఇక్కడ రాస్తున్నాను, ఎప్పుడైనా నన్ను నేను మంచివాడిని అనుకుంటే చదువుకోవడానికి. "సైన్సు అబద్ధం చెప్పదమ్మా" అన్నాను.

ఆమె తలూపింది. నమ్మింది.

మే 6

అన్నం సయించలేదు. ఎండల వల్ల.

మే 8

హాకిం గారికి ఉత్తరం రాశాను. "విజ్ఞప్తి ఏమనగా" దాకా బాగానే నడిచింది. చింపేశాను. మళ్లీ రాశాను. ఈసారి కొండలు సీసా తోమేశాడని మొదలుపెట్టాను. ఎంత చక్కగా వచ్చిందో! సగం పేజీలో నేను ఎక్కడా లేను, అంతా కొండలే. అది చదువుకుని సిగ్గేసి అదీ చింపేశాను. కొండలు దగ్గరే చీపురు తీసుకుని ముక్కలు ఊడ్చాను. ఆ ముక్కలు ఆయన చేతికి ఇవ్వబుద్ధి కాలేదు.

మే 17

ఈస్టు పెరగడానికి అగర్ జిగురు పోసిన గాజు పళ్లెం మీద ఒక ఈగను నడిపించి వదిలేశాను. మూడో రోజుకి అది నడిచిన దారి అంతా తేలింది. ఎక్కడ కాలు పెట్టిందో అక్కడ చిన్న తెల్లటి బొట్టు, దాని పక్కన ఇంకోటి, అలా పళ్లెం అంచు దాకా. ఈగ ఎటు వెళ్లి ఎటు తిరిగిందో చదువుకోవచ్చు. ప్రొఫెసర్ గారు భూతద్దం పెట్టి చూసి చూసి, "ఇది కలకత్తా పత్రికకు పంపాల్సిన పని. రాసెయ్యి. మరిగించిన తాటిరసం ప్రయోగం ముందు పెట్టు, అదే దీనికి ప్రాణం" అన్నారు.

తర్వాత మామూలుగా అడిగారు. "రసం ఎక్కడిది?"

"కొండలు తెచ్చాడు సార్" అన్నాను.

మళ్లీ కొండలే. నాకు అబద్ధాలు ఆడటానికి కూడా ఒక అటెండరు కావలసి వచ్చాడు.

జూన్ 3

వ్యాసం సగం అయింది. "మరిగించి, సున్నం తీసివేసిన రసంలో ఆరు ఈగలను వదలగా నాలుగు రోజులలో నూటికి మూడు పాళ్ల ఆల్కహాలు ఏర్పడెను." ఇదే వాక్యం కోర్టులో చదివితే పైడన్న ఇంటికి వెళ్లిపోతాడు. ఇదే వాక్యం కలకత్తాలో చదివితే నేను బెంగుళూరు వెళతాను. "సున్నం తీసివేసిన" అన్న రెండు మాటలు కొట్టేశాను. వ్యాసానికి అవి అవసరం లేదు.

జూన్ 4

మళ్లీ రాశాను. మళ్లీ కొట్టేశాను.

జూన్ 26

లెక్క ప్రకారం ఈ రోజు అతను విడుదల. నాకు ఎంత హాయిగా ఉందంటే, జైలు నుంచి నేనే వచ్చినట్టు సాయంత్రం షికారుకు వెళ్లాను. ఇక ఆ సంగతి అయిపోయింది. వాళ్లిద్దరూ సర్దుకుంటారు.

జూలై 1

బెంగుళూరు నుంచి పిలుపు వచ్చింది. ఆగస్టులో చేరాలి. వ్యాసం అచ్చు కాగానే పంపమన్నారు.

జూలై 3, శనివారం

కొండలు పొద్దున్న బల్లలు తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు. నా వైపు తిరగకుండానే అడిగాడు.

"బాబూ, ఓ మాట అడుగుతాను, నిజిం సెప్పండి. ఆ హుమ్మోడు జేలుకెల్లింది నాను సీసా తోమీడం మూలానేనా?"

"నీకెవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పనేదు. ఆ ఆడమనిసి వొచ్చినప్పుడు సేతులు సూపించింది గదా. ఆ సీసా అడుగున సున్నం నాను సూసినాను బాబూ, ఈ గోళ్లతో గీకినాను. అది తోమీకపోతే తవరికి కనిపించీది, ఆడు ఇంటికెల్లిపోయీవోడు. రెండు నెల్లనుండీ ముద్ద దిగడం నేదు. మాయింటిదానికీ సెప్పుకోనేదు. ఎల్లి ఆడి కాల్ల మీద పడిపోదునా అని ఉంది."

సీసా తోమినవాడు రెండు నెలలుగా అన్నం మానేశాడు. నేను ఒక్కపూట మానేసి ఎండల మీద పెట్టాను.

"నువ్వు కాదు కొండలూ, నేను" అన్నాను. మొత్తం చెప్పాను. కార్బోనిక్ వాయువు అంటే ఆయనకు తెలియదు. "సున్నం నేనే తీసేశాను, తర్వాత సున్నం లేదని రాశాను" అంటే తెలిసింది. తడిగుడ్డ బల్ల మీద వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"మరి ఇన్నాల్లూ నన్నెందుకు తిన్నిచ్చినారు కాదు బాబూ?" అన్నాడు.

మధ్యాహ్నం రెండు ఉత్తరాలు రాశాను. హాకిం గారికి ఒకటి, ప్రొఫెసర్ గారికి ఒకటి. సున్నం నేనే తీసేశాననీ, పరీక్షించిన తేదీ 13 అనీ, 9 అని వేసింది నేనేననీ, రసంలో ఈగలు ఉన్నాయనీ రాశాను. బాగా రాలేదు, కొట్టివేతలు ఉన్నాయి. తిరగరాస్తే మళ్లీ అందంగా తయారవుతుందని అలాగే పంపాను. పోస్టు చేసి వచ్చాక ఇది రాస్తున్నాను. ఇది ధైర్యం కాదు. బెంగుళూరు పోయింది, ఉద్యోగం కూడా పోతుంది. భయంగానే ఉంది.

జూలై 5, సోమవారం

నిన్న హుమ్మ వెళ్లాను. వాన. ఉప్పుమడుల నిండా వాననీళ్లు, ఒక్క మనిషి లేడు. పైడన్న ఇల్లు అడిగితే చూపించారు. తర్వాత పురుషోత్తంపూర్ వెళ్లి అప్పలనర్సమ్మను కలవాలని అనుకున్నాను గానీ, ఆమె అరుగు మీదే బియ్యం ఏరుతూ కనిపించింది. నన్ను చూసి లేచి నిలబడింది.

"వొచ్చీసినాను బాబూ" అంది, నేనేదో అడిగినట్టు. "ఆడు జేలు నుండొచ్చిన రోజే వొచ్చీసినాను. మరిసిపోనాను, నాదే తప్పు అని ఒప్పీసుకున్నాను. అత్త కాల్లట్టుకున్నాను. సున్నం కుండ ఇంక నన్ను ముట్టుకోనివ్వరు. ఎల్లిపొమ్మనకపోతే అదే పదేలు."

ఇక్కడ ఒక నీచమైన సంగతి రాయాలి. అది వినగానే నా గుండె తేలికపడింది. సర్దుకుపోయారు, ఇప్పుడు చెబితే ఉన్న కాపురం చెడుతుంది, చెప్పకుండా వెళ్లిపోవడమే మేలు అని నా లోపల ఎవడో గబగబా చెప్పేశాడు. వాడి గొంతు నాకు బాగా తెలుసు. ఏప్రిల్ నుంచి ఈ డైరీ రాస్తున్నవాడు వాడే.

"నిజంగా మరిచిపోయావా అమ్మా?" అన్నాను.

"తెల్దు బాబూ." బియ్యం వైపు చూసింది. "ముందు ఏసినాననే అనుకున్నాను. ఏసినాననే మీకాడికొచ్చినాను. మీరు సైన్సు అబద్దం సెప్పదన్నారు. మావోడు నేదన్నాడు, అత్త నేదంది. రోజూ కల్లు మూసుకుని ఆ సాయంత్రాన్ని సూసుకునీదాన్ని. కుండ కనిపించీది, నా సెయ్యి కనిపించీది, సున్నం కనిపించీది. సూడగా సూడగా ఇప్పుడు కుండ కనిపిస్తంది, సెయ్యి కనిపిస్తంది. సున్నం కనిపించడం నేదు."

అరుగు అంచున కూలబడ్డాను. నిలబడి చెప్పడం నాకు చేతకాలేదు.

"వేశావమ్మా" అన్నాను. "సీసా అడుగున తెల్లగా పేరుకుని ఉంది. నేను కళ్లతో చూశాను. నేనే తీసేశాను. తీసేసి లేదని రాశాను."

ఎందుకు తీశానో, ఈగలు ఏమిటో, అన్నీ చెప్పాను. అయ్యాక, "ఏసినానా?" అంది. "వేశావు" అన్నాను. మళ్లీ "ఏసినానా?" అంది.

తర్వాత చేట కింద పెట్టి లోపలికి వెళ్లి మొగుణ్ణి, అత్తను పిలుచుకొచ్చింది. నేనింకా వారించబోయాను, మళ్లీ గొడవవుతుందేమో అన్నాను. "అయితే అవనీ" అంది. వాన తగ్గడంతో ఎదురింటివాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. పైడన్న బాగా చిక్కిపోయి ఉన్నాడు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. నేను చెప్పిందంతా విని, "అంటే రెండు నెల్లు నాను ఆరు ఈగల మూలాన జేల్ల ఉన్నానేటి?" అన్నాడు.

"ఈగల వల్ల కాదు, నా వల్ల" అన్నాను.

అతను ఇంకా ఏదో అనబోయాడు. అప్పలనర్సమ్మ ఆపింది. "నోటిమాట నాకొద్దు బాబూ. ఆ పాలి కాగితం మీద రాసినావు గదా. ఈ పాలీ కాగితం మీద రాయి."

ఈ డైరీలోంచే ఒక పేజీ చింపాను. హుమ్మ పైడన్న కుండకు అతని భార్య అప్పలనర్సమ్మ సున్నం వేసింది, సీసాలో సున్నం ఉంది, దాన్ని తీసేసి లేదని రాసింది బరంపురం కాలేజీలో పనిచేసే నేను, అని రాసి పేరు పెట్టాను. తేదీ సరిగ్గా వేశాను.

"సదువు" అంది. నిలబడి అందరికీ వినపడేలా చదివాను. "ఇంకోపాలి" అంది. చదివాను. అత్తగారు లోపలికి వెళ్లిపోబోతే చెయ్యి పట్టుకుని నిలబెట్టింది. మూడోసారి చదివేటప్పుడు ఆమె నా వైపు గానీ కాగితం వైపు గానీ చూడటం లేదు, మొగుడి మొహం చూస్తోంది. పైడన్న తల ఎత్తలేదు.

"మల్లీ సదువు బాబూ" అంది.

చదివాను.